కుటీర వ్యామోహము

పొరుగింటి పుల్లకూర రుచి యని మన పెద్దలు చెప్పిన సామెత వంటలకే గాక యిండ్లకును వర్తించును. 2020వ సంవత్సరము మొదలుగా లోకమంతటను ఫోనుల తెరలమీద నొక చిత్రము విరివిగా తిరుగుచున్నది. గడ్డికప్పు వేసిన చిన్న యిల్లు; గోడమీదికి ప్రాకిన గులాబితీగ; లోపల గోడలో నమర్చిన చలిమంట గూడు; దాని చెంత మెత్తని కుర్చీ; కిటికీకి పూవుల తెర; బల్లమీద ఆవిరులెగయు తేనీటి పాత్ర. ఇది యింగ్లండు పల్లెటూరి కుటీరము. ఈ మురిపెమునకు కాటేజికోర్ అని యొక పేరును గూడ బెట్టిరి. ఆ చిత్రము గోదావరి తీరపు బొగ్గుగనుల సీమకును వచ్చినది. శ్రీరాంపూర్‌లో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చినవాడు నిద్రపట్టక ఫోను చేతబట్టినచో, అందులో మెఱయునదియు నీ కుటీరమే. ఇల్లనగా నట్లుండవలెనని నిట్టూర్చువారు కొందఱు. చేత నాలుగు డబ్బులు చేరగానే యట్లే కట్టింప బూనువారు మఱికొందఱు.

మేము సౌందర్యమునకు శత్రువులము కాము. పరదేశపు వస్తువగుట చేతనే దేనినైనను నిందించువారమును కాము. మంచి యెక్కడ నున్నను గ్రహింపవలసినదే. అయితే గ్రహించుటకు ముందు ఆ వస్తువు ఎందులకు పుట్టినదో, ఎవరి చెమటతో నిలిచినదో తెలిసికొనవలయును. ఇంగ్లీషు కుటీరమునందు మనము నేర్వదగినది యొకటి కలదు. కష్టజీవి నివసించు రెండు గదుల యింటికిని వెలుతురును, శుభ్రతయు, అందమును, విశ్రాంతియు హక్కుగా దక్కవలయునను నియమమే యది. ఆ దేశపు శ్రామికులు దానిని చిరకాల పోరాటముచే సంపాదించిరి. మనవారు ఆ నియమమును విడిచి, దాని పైపూతను మాత్రము కొనితెచ్చుకొనుచున్నారు. పండును పాఱవైచి తొక్కను దాచుకొనుట యనగా నిదియే.

మొదట చిత్రములోని కుటీరమును, చరిత్రలోని కుటీరమును వేఱుచేసి చూతము. కాటేజి యనునది మొదట కూలివాని గుడిసె. దానికి గడ్డి కప్పుట ముచ్చట కొఱకు గాదు. గోధుమగడ్డియు, రెల్లును చేరువలో చౌకగా దొరకుట చేత. గది యిఱుకుగను, కప్పు తక్కువ యెత్తునను ఉండుట సొగసు కొఱకు గాదు. చలిదేశమున చిన్న గది త్వరగా వేడెక్కుట చేత. కిటికీ చిన్నదగుటకు అద్దము వెల హేతువు. 1696 మొదలు 1851 వఱకు ఆ దేశమున కిటికీలమీద పన్ను సయితముండెను. కొలదిపాటి కిటికీలుగల చిన్న యిండ్లకు మినహాయింపు ఉన్నను, పట్టణములలో ననేక పేద కుటుంబములు అద్దెకున్న పెద్ద యిండ్ల కిటికీలను యజమానులు పన్నుకు వెఱచి యిటుకలతో మూసివేసిరి. 1842లో ఎడ్విన్ చాడ్విక్ శ్రామిక జనుల ఆరోగ్యస్థితిని గూర్చి ప్రకటించిన నివేదిక చదివినవారికి ఆ గుడిసెల తేమయు, మురుగునీటి కాలువలు లేమియు, ఒకే గదిలో పదిమంది క్రిక్కిఱిసి పండుకొనుటయు కండ్లకు గట్టును. గులాబితీగ ఆ నివేదికలో గానరాదు.

మఱి యీ మనోహర చిత్రము ఎక్కడ నుండి వచ్చినది? గుడిసెలో నుండవలసిన యగత్యము లేనివారు దానిని గీసిరి. 1811 ప్రాంతమున బ్రిస్టల్ నగరము చెంత ఒక ధనికుడగు బ్యాంకు యజమాని, తన యాస్తిలో పనిచేసి ముదుసలులైన సేవకుల కొఱకు జాన్ నాష్ అను ప్రసిద్ధ శిల్పిచేత తొమ్మిది కుటీరములను గట్టించెను. బ్లేజ్ హామ్లెట్ అను పేర నవి నేటికిని నిలిచియున్నవి. ఒకదానిని బోలి యొకటి లేకుండ, ఎత్తైన పొగగొట్టములతో, చూచువారి కనులకు విందగునట్లు అవి కట్టబడినవి. ముసలి సేవకులకు నీడ దొరకుట మంచిదే. అయితే నాటినుండి పేదవాని గుడిసె ధనికుని తోటకు అలంకారమైనది. నేడు మన ఫోనులలో తిరుగునది ఆ తోటలోని బొమ్మయే కాని, చాడ్విక్ చూచిన గుడిసె కాదు.

ఆ చలిమంట గూటిలో మండుచున్నది ఏమి? చాలచోట్ల నేలబొగ్గు. దానిని త్రవ్వినవాని యిల్లు ఎట్లుండెను? శ్రీరాంపూర్ వాసులు ఈ ప్రశ్నను ఇతరులందఱికంటె ముందుగా నడుగవలసినవారు. డర్హమ్ మండలమున గనికార్మికుల కుటీరములు గని యజమానుల సొత్తుగా నుండెను. పని యున్నంతవఱకే యిల్లు. పని పోయిన నిల్లును పోవును. 1844లో నచ్చటి కార్మికులు సమ్మె కట్టినప్పుడు యజమానులు వారి భార్యాబిడ్డలను సామానులతో సహా వీథిలోనికి వెళ్లగొట్టించిరి. కాపురములు బాటల ప్రక్కలను, బయళ్లలోను గడుపవలసివచ్చెను. గోడలోని మంట ఎంత వెచ్చనిదైనను, యజమాని కన్నెఱ్ఱజేసిన నాడు ఆఱిపోవునట్టిదైనచో ఆ యింటిని సుఖనివాసమని యెవడనగలడు?

అట్టి గుడిసె మనుష్యులుండదగిన యిల్లుగా మాఱుటకు పూవుల తెరలు కారణము కావు. 1918లో ట్యూడర్ వాల్టర్స్ అధ్యక్షతను కూర్చుండిన సంఘము, శ్రామికుల యిండ్లు పట్టణములలో ఎకరమునకు పండ్రెండింటికి, పల్లెలలో ఎనిమిదింటికి మించరాదనియు, కూర్చుండు గదిలోనికి ఎండ రావలయుననియు సూచించెను. ఆ మఱుసటి యేడు అడిసన్ మంత్రి కాలమున వచ్చిన శాసనము, అట్టి యిండ్లు కట్టుటను స్థానిక సంస్థల విధిగా జేసి ప్రభుత్వధనమును తోడుచేసెను. ఆ 1919లోనే గనుల విచారణకు గూర్చుండిన శాంకీ సంఘము కొన్ని మండలములలోని గనికార్మికుల యిండ్లను తీవ్రముగా గర్హించెను. 1920లో బొగ్గు టన్ను ఒక్కింటికి ఒక పెన్నీ చొప్పున యజమానులనుండి వసూలుచేసి కార్మిక సంక్షేమనిధి నేర్పఱచిరి. తరువాత ఆ మార్గముననే గని ముఖద్వారముల వద్ద స్నానశాలలు వెలసినవి. అంతకు పూర్వము మసితో వచ్చిన మగనికిని, కొడుకులకును ఇల్లాలు గంగాళములతో నీరు కాచి, ఆ చలిమంట గూటి ముందఱనే రేకు తొట్టెలో స్నానము చేయింపవలసివచ్చెడిది. చిత్రములో పిల్లి పండుకొన్న చోటు అదియే! స్నానశాల గని వద్దకు పోయిన తరువాతనే ఆ గది కూర్చుండ దగినదైనది. ఇంగ్లీషు కుటీరపు హాయికి మూలమేదని యడిగిన, టన్నుకొక పెన్నీ యని చెప్పుట సత్యమునకు దగ్గఱగా నుండును.

ఇక మన సీమకు వత్తము. సింగరేణి గనుల చరిత్రకు మొదట ఇంగ్లీషు మూలధనమే తోడ్పడినది. 1886లో ఇంగ్లండున నేర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కును పొందెను. 1889లో ఇల్లెందులో బొగ్గు తీయుట ఆరంభమయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చెను. 1945లో నిజాము ప్రభుత్వము అధిక భాగములను కొనెను. నేడు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రప్రభుత్వమునకు 49 పాళ్లు కలవు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో నుండి, 2016 నుండి మంచిర్యాల జిల్లాలో జేరిన శ్రీరాంపూర్, ఆ సంస్థ గనుల ప్రాంతములలో నొకటి. కార్మికులు బాయి యని పిలుచు గనికి మూడు షిఫ్టులలో మనుష్యులు పోవుచు వచ్చుచుందురు. పగలు పని, రాత్రి నిద్ర యను ప్రకృతి నియమము అక్కడ సగము కాపురములకు చెల్లదు. వేసవిలో ఆ ప్రాంతమున ఎండ 45 డిగ్రీలను దాకుటయు, దాటుటయు కలదు. పగలంతయు కాలిన కాంక్రీటు స్లాబు రాత్రియంతయు ఆ వేడిని క్రిందికి గ్రక్కుచుండును. ఓపెన్‌కాస్టు గనుల చేరువనున్న వాడలకు బొగ్గుదుమ్మును, ప్రేలుళ్ల యదురును తోడు. సంస్థ యిచ్చిన క్వార్టరు ఉద్యోగమున్నంత వఱకే; విరమణము కాగానే దానిని విడువవలసినదే. డర్హమ్ నాటి దౌర్జన్యము నేడిచట లేదు. కాని యింటికిని ఉద్యోగమునకును గల ముడి మాత్రము ఆ జాతిదే.

ఈ స్థలమున ఇంగ్లీషు కుటీరమును దింపినచో నేమగును? ఆ కుటీరము ఎండను పట్టి దాచుకొను పరికరము. మన యిల్లు ఎండను తప్పించుకొను పరికరము కావలయును. రెంటికిని ప్రయోజనమే విరుద్ధము. ఇటీవల మన పట్టణములలో కట్టబడు కొన్ని మేడలను చూడుడు. కాంక్రీటును ఏటవాలుగా బోసి, దానిమీద ఎఱ్ఱ పెంకులను సిమెంటుతో నతికించి, కుటీరమని మురియుచున్నారు. గూనపెంకుల కప్పులో పెంకునకును పెంకునకును నడుమ గాలి యాడును. అతికించిన పెంకులో నాడదు. నిలువెత్తు అద్దపు కిటికీ పెట్టి, దానికి తెరవేసి, లోపల శీతలయంత్రమును నడిపి, దాని బిల్లు చూచి యేడ్చుచున్నారు. చలిమంట గూడును సైతము గోడకు బొమ్మగా పెట్టించువారు గలరని వినినపుడు నవ్వవలెనో, జాలిపడవలెనో తెలియకున్నది. మే నెలలో చలిమంట ముందఱ కూర్చుండి విసనకఱ్ఱ విసరుకొను వైభవము మన కొక్కరికే చెల్లినది!

ఇంగ్లీషువారినే యనుసరింపవలయునన్నచో, లారీ బేకర్‌ను అనుసరింపుడు. 1917లో బర్మింగ్‌హామ్‌లో బుట్టిన యా శిల్పి మన దేశమునకు వచ్చి, కేరళమున స్థిరపడి, 2007లో నచ్చటనే మరణించెను. ఆయన తన దేశపు కుటీరమును మలబారునకు మోసికొనిరాలేదు. ఇటుకలను నిలువుగా నిలిపి నడుమ గాలి నిలుచునట్లు గోడ కట్టించెను. ఇటుకయు ఆదా, వేడియు తగ్గు. స్లాబులో బరువు మోయని క్రిందిభాగమున పాత పెంకులను పొదిగించి సిమెంటును మిగిల్చెను. కిటికీలకు బదులు ఇటుకల జాలీలతో వెలుతురును, గాలిని లోనికి బిలిచెను. కుటీరధర్మమనగా నిదియే: చేరువలో దొరకునదానితో, ఆ నేలకు తగినట్లు, అల్పవ్యయముతో కట్టుకొనుట. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పులకై యొక విధానమును ప్రకటించినది. డాబామీద తెల్లని పూత పూసినంతనే లోపలి వేడి కొంత తగ్గునని గృహస్థు లెఱుగవలయును. గులాబితీగకంటె సున్నపు పూత మన కెక్కువ హాయినిచ్చును.

ఇంతవఱకు చదివి, మన పూర్వపు టిల్లే భూలోక స్వర్గమని చంకలు గొట్టుకొనువారితోను మాకు పేచీ కలదు. దళసరి మట్టిగోడయు, గూనపెంకుల కప్పును, నడుమ ఆకాశము కనబడు భవంతియు, వీథివైపు అరుగును, దీపపు గూడును మన యెండలకు దగినవే. వానిలోని బుద్ధిని మేము శ్లాఘింతుము. అయితే ఆ యింట వంటగది యెక్కడ నుండెను? వెనుక చీకటిలో. పొగ యెవరి కన్నులలో నిండెను? ఇల్లాలి కన్నులలో. ఆ చల్లని యరుగుమీద నెవరెవరు గూర్చుండగలిగిరి, ఎవరు వాకిటనే నిలువబడిరి? ఊరికి వెలుపల వాడలో నున్నవానికి ఆ భవంతి నీడ యెన్నడైనను సోకెనా? పూర్వులు కట్టిరని పొగాకులుడు వంటిల్లును, అరుగుమీది యంతరములను మఱల దెచ్చుకొనుట సంస్కారము గాదు. పరదేశపు బొమ్మను పూజించుటయు, స్వదేశపు బొమ్మను పూజించుటయు బొమ్మల పూజయే.

ఇచ్చిపుచ్చుకొనుట యెన్నడును తప్పు గాదు. ఆ కుటీరపు కిటికీకి వ్రేలాడు పూవుల తెర చరిత్రయే దీనికి సాక్షి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నమున వర్తకశాల పెట్టిన తరువాత, మన తీరపు అద్దకపు వస్త్రములు ఓడల కొలది ఆ దేశమునకు బోయినవి. ఛీంట్ అను మన దేశపు మాటనే వారు చింట్జ్ అని పలికిరి. ఆ పూవుల గుడ్డల ధాటికి తమ నేతగాండ్రు నిలువలేరని, వారి పార్లమెంటు 1700లో దిగుమతిని, మఱి యిరువది యేండ్లకు వాడుకను నిషేధించు శాసనములు చేసెను. బంగళా యను మాటయు వంగదేశము నుండి పోయినదే. కాన నేడు మనము పరదేశపు సొగసని కొనుచున్న తెర, మన కృష్ణాతీరపు అద్దకమునకు మనుమరాలు. అతుకుల బొంతను వారు క్విల్టు అనిన ముద్దు, మన యవ్వ కుట్టిన బొంత మోటు! పొణికి కఱ్ఱతో బొమ్మలు చెక్కు నిర్మల పట్టణము మన పొరుగుననే యున్నది. వెండితీగతో నల్లిక చేయు కరీంనగరము దూరము గాదు. గోడకు రంగు కావలసిన, గూటికి బొమ్మ కావలసిన, ఫోనులో బేరమాడుటకు ముందు అటువైపు చూచుట మేలు.

ఇక ముఖ్యమైన మాట. ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని లోకులందురు. ఇల్లు ఇరుకటము, ఆలి మర్కటమని వెక్కిరింతురు. ఈ సామెతలను గట్టినవారెవరో కాని, వారు చీపురు పట్టినవారు గారు. ఫోనులోని కుటీరము నిమిషమున కొక్కసారి చెప్పుచున్న రహస్య బోధ యిదియే: ఇల్లు హాయిగా లేనిచో తప్పు ఇల్లాలిదే. బొగ్గుదుమ్ము పడు వాడలో తెల్లని జాలరు తెరను ఎవరు వారమునకు రెండుమార్లు ఉతుకవలెను? కుర్చీమీద పది చిన్న దిండ్లను ఎవరు దులుపవలెను? రాత్రి షిఫ్టువాడు పగలు నిద్రించుటకై బిడ్డల నోళ్లు ఎవరు మూయవలెను? హాయి యను పదార్థమును ఒకరు తయారుచేయుచు మఱియొకరు అనుభవించుచుండిన, దానికి కుటీరమని పేరిడినను, భవంతి యని పేరిడినను, అది వెట్టిచాకిరియే. 2019లో భారత ప్రభుత్వము స్త్రీలు భూగర్భ గనులలో సయితము నియమములకు లోబడి పనిచేయుట కనుమతించినది. ఆమెయు షిఫ్టు ముగించి వచ్చిన నాడు, గిన్నె లెవరు తోమవలెనన్న ప్రశ్నకు ఆ మగనికి జవాబు సిద్ధముగా నుండవలయును. కావున మే మా సామెతను సవరించుచున్నాము: ఇల్లు చూచి ఇల్లాలిని గాదు, ఇంటి మగవానిని చూడుడు, క్వార్టరు చూచి యజమానిని చూడుడు.

అయిన పేదకు అందము వలదా యని కొందఱు మమ్ము నడుగవచ్చును. వలయును, ధనికునికంటె ముందుగా వలయును. అందుచేతనే అంగడిలో దొరకు అందముతో తృప్తిపడవలదనుచున్నాము. రాత్రి పనిచేసినవానికి పగటివేళ చీకటిగా, చల్లగా, నిశ్శబ్దముగా నుండు చిన్న గది యొకటి యే చిత్రపటముకంటెను అందమైనది. నిలుచుండి వండుటకు తగిన యెత్తున అరుగును, పొగయు ఆవిరియు పోవుటకు మార్గమును గల వంటగది అందమైనది. పడమటి గోడకు నీడనిచ్చు వేపచెట్టు అందమైనది. బిడ్డ కూర్చుండి చదువుకొనుటకు దీపముగల మూల యందమైనది. మన దేశమునను గనుల వద్ద స్నానశాలలకై 1959లో నిబంధనలు చేయబడినవి. ప్రతి గని వద్దను అవి సక్రమముగా నడుచుచున్నవా యని విచారించుట, తెరల రంగును విచారించుటకంటె గృహాలంకరణమునకు సమీపమైన పని.

ఇందులో కొంత గృహస్థుల చేతనున్నది: సున్నము, చెట్టు, పని పంచుకొనుట. కొంత సంస్థ చేతనున్నది: క్వార్టరు మరమ్మతు, పైకప్పు చలువ, దుమ్మును అణచుట. కొంత కార్మిక సంఘముల చేతనున్నది. జీతమును, బోనసును గూర్చి గర్జించు సంఘములు కాపురముండు గదిని గూర్చియు అంతటి గొంతుతో అడుగవలయును. ముప్పది యేండ్లు భూమిక్రింద గడపిన మనుష్యుడు విరమించిన మఱునాడు తలదాచుకొను చోటు వెదకుకొనవలసిన స్థితిని మాన్పుట వారి మొదటి కోరికలలో నుండవలయును. ఆ కోరికను చెప్పునట్టి సభకు ఇల్లాండ్రను పిలువవలెను. ఇంటిలో ఎక్కడ ఉడుకునో, ఎక్కడ కురియునో వారికి తెలిసినంత మఱెవరికిని తెలియదు.

చదువరులారా, ఇల్లు కట్టి చూడుమన్న సామెత ఖర్చును గూర్చి చెప్పినది. దానిలో నివసించి చూడుమని మేము చెప్పుచున్నాము. మీ యింటిలో మిక్కిలి అలసినవారెవరో కనుగొనుడు. వారికి కూర్చుండుటకు ఒక చల్లని చోటును, ఎవరును పిలువని ఒక గంటకాలమును ఈ మాసమే యేర్పఱచుడు. డర్హమ్ కార్మికుని భార్య కోరినదియు అంతకు మించినది గాదు. అది యమరిన పిదప గులాబితీగ నాటుదురో, మల్లెతీగ నాటుదురో మీ యిష్టము.